నాన్నకు ఇచ్చిన మాట, అమ్మకు కావలసిన సంరక్షణ

ప్రశ్న: మా అమ్మకు 78 ఏళ్లు. తెనాలి దగ్గర పల్లెటూరు మాది. ఉపాధ్యాయుడిగా పనిచేసిన నాన్న ఆరేళ్ల క్రితం పోయారు. పోయేముందు నా చేయి పట్టుకుని, అమ్మను ఎప్పుడూ ఇల్లు దాటించవద్దని మాట తీసుకున్నారు. ఊళ్లో ఇల్లు అమ్మేసి అమ్మను హైదరాబాద్ తెచ్చుకున్నాం. నాలుగేళ్ల క్రితం ఆమెకు అల్జీమర్స్ అని న్యూరాలజిస్టు తేల్చారు. ఇప్పుడు రాత్రి రెండింటికి లేచి తలుపులు లాగుతుంది, గేదెకు కుడితి పెట్టాలి, ఇంటికి వెళ్దాం పద అంటుంది. ఒకసారి లిఫ్టులో దిగి వెళ్లిపోతే మెట్రో స్టేషన్ దగ్గర దొరికింది. ఇంకోసారి గ్యాస్ తిప్పి వెలిగించకుండా వదిలేసింది. నా భార్య గాజులు దొంగిలించిందని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది, స్నానం చేయించబోతే కొడుతుంది. ఏజెన్సీ ద్వారా పెట్టుకున్న ఆయాలు ఒకరి తర్వాత ఒకరు మానేశారు. నా భార్య రెండేళ్ల క్రితమే ఉద్యోగం మానేసింది. గత నెలన్నరగా అమ్మ పరిస్థితి మరీ దిగజారింది. డిమెన్షియా (అల్జీమర్స్ వంటి మతిమరుపు జబ్బులు) ఉన్నవారి కోసమే నడిపే కేంద్రం ఒకటి చూసి వచ్చాను. టెక్సాస్‌లో ఉన్న అన్నయ్య డబ్బు ఎంతైనా పంపుతానంటాడు కానీ, అమ్మను అలాంటి చోట పెడితే పరువు పోతుందంటాడు, సంక్రాంతికి తాను వచ్చేదాకా ఆగమంటాడు. రాజమండ్రిలో ఉన్న చెల్లెలు ఆరు నెలలు మీ దగ్గర, ఆరు నెలలు నా దగ్గర అని వంతులు వేసుకుందామంటుంది. మా మేనమామ అయితే ఇది చట్టప్రకారం నేరమనే అన్నారు. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. నేను చేయబోయేది తప్పా? కాకపోతే ఎలా చేయాలి?

— ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: మీరు చేయబోయేది తప్పు కాదు. ఈ మాట ముందే చెప్పడం మంచిదనుకుంటున్నాను, ఎందుకంటే దాన్ని చివరి దాకా దాచి ఉంచితే మధ్యలో నేను చెప్పే విషయాలేవీ మీ మనసుకు ఎక్కవు. మీరు రాసిన స్థితిలో ఉన్న మనిషికి రాత్రంతా మెలకువగా ఒకరు కావాలి, స్నానానికీ బట్టలు మార్చడానికీ ఇద్దరు కావాలి, వీధి తలుపుకూ వంటింటికీ నిరంతరం కాపలా కావాలి. పగలు ఉద్యోగం చేసే మీరు, పగలూ రాత్రీ చేస్తున్న మీ భార్య, పరీక్షలకు చదువుకుంటున్న మీ అమ్మాయి కలిసి ఆ పని ఇంకా ఏళ్ల తరబడి చేయగలరని నేను అనుకోను. అయితే కేంద్రంలో చేర్చే ముందు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి ఈ వారంలోనే జరగాలి.

గత నెలన్నరగా పరిస్థితి మరీ దిగజారిందని రాశారు. అల్జీమర్స్ సాధారణంగా నెలల మీద, సంవత్సరాల మీద మెల్లగా ముదిరే వ్యాధి. నాలుగేళ్లు ఒక తీరున నడిచిన మనిషి కొద్ది వారాల్లో ఒక్కసారిగా మారిపోతే, దాని వెనుక వేరే కారణం ఏదైనా ఉందేమో చూడాలి. ముసలివారిలో మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కు జ్వరం, మంట వంటి లక్షణాలేవీ బయటపడకుండా కేవలం మనసు చెదిరినట్టు కనిపించడం ఉంటుంది. రక్తంలో సోడియం తగ్గినా, రోజుల తరబడి విరేచనం కాకపోయినా, పంటి నొప్పినో కీళ్ల నొప్పినో చెప్పుకోలేకపోయినా అదే జరుగుతుంది. బీపీకి ఇచ్చే కొన్ని మాత్రలు సోడియాన్ని తగ్గిస్తాయి. మూత్రం ఆపుకోలేకపోతున్నారని ఇచ్చే మందులు, జలుబుకూ దురదకూ మనం దుకాణంలో అడిగి తెచ్చుకునే మత్తు మాత్రలు, నిద్రమాత్రలు డిమెన్షియా ఉన్నవారిని మరింత గందరగోళంలోకి నెడతాయి. ఆ మధ్య ఎప్పుడైనా కిందపడి తలకు దెబ్బ తగిలిందా అన్నది కూడా గుర్తు చేసుకోండి, ఎందుకంటే పెద్దవారిలో పుర్రె లోపల రక్తం మెల్లగా చేరి కొన్ని వారాల తర్వాత బయటపడటం ఉంది. ఇంట్లో ఉన్న మందులన్నీ, ఆకుమందులతో సహా, ఒక సంచిలో వేసుకుని వైద్యుడి దగ్గరకు వెళ్లండి. చూపు, వినికిడి కూడా పరీక్ష చేయించండి; శుక్లం ముదిరిన కంటికి సాయంత్రం చీకట్లో గోడమీది నీడ కూడా మనిషిలా కనిపిస్తుంది.

చికిత్స చేయగల కారణమేదైనా దొరికితే మీ అమ్మగారు రెండు నెలల కిందటి స్థితికి రావచ్చు, మీకు కొంత వ్యవధి దొరకవచ్చు. అసలు వ్యాధి మాత్రం వెనక్కు వెళ్లదు. డోనెపెజిల్, మెమాంటిన్ వంటి మందులు లక్షణాలను కొంతకాలం కొంత మేరకు అదుపులో ఉంచుతాయి తప్ప వ్యాధిని ఆపవు. కాబట్టి ఈ నిర్ణయం వాయిదా పడవచ్చునేమో గాని తప్పిపోదు.

ఇక మీ నాన్నగారికి ఇచ్చిన మాట. మీ ఉత్తరమంతా దాని చుట్టూనే తిరుగుతోంది, అది సహజం కూడా. మాట ఇచ్చిన కొడుకు దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అయితే ఆయన ఆ మాట తీసుకున్నప్పుడు ఆయన కళ్ల ముందు ఉన్నది వండి వడ్డించే భార్య, పాడి చూసుకునే భార్య, తాను పోయాక ఒంటరి అయిపోతుందేమోనని ఆయన బెంగపడిన భార్య. పిల్లలకు బరువై ఎక్కడో ఒకచోట దింపేస్తారేమో, పిలిచినా పలికేవారు ఉండరేమో అన్నదే ఆయన భయం అయి ఉంటుంది. మెట్రో స్టేషన్ దగ్గర దారి తెలియక నిలబడిన భార్యను ఆయన ఊహించి ఉండరు. ఇంకో సంగతి కూడా ఆలోచించండి. మీ అమ్మగారు రాత్రి లేచి ఇంటికి వెళ్దామని అడుగుతున్నారు. అంటే, మీరు ఆమెను దాటించకుండా కాపాడుతున్న ఆ ఫ్లాటు ఆమె లెక్కలో ఇల్లు కాదు. ఆమె వెతుక్కుంటున్నది గేదె ఉన్న ఇంటిని, మీ నాన్నగారున్న ఇంటిని, బహుశా వాళ్ల అమ్మ ఉన్న ఇంటిని. ఆ ఇంటికి ఆమెను తీసుకెళ్లడం ఎవరివల్లా కాదు. మీ చేతుల్లో మిగిలిందల్లా ఆమెను దిక్కులేనిదాన్ని చేయకుండా ఉండటం, పస్తు లేకుండా, దెబ్బలు తగలకుండా, భయం తక్కువగా ఉండేలా చూడటం. మీ నాన్నగారి మాటలోని సారం అదేనని నేను నమ్ముతున్నాను. దాన్ని మీరు ఇంటి బయట కూడా నిలబెట్టుకోవచ్చు, ఇంట్లో ఉంచి కూడా తప్పవచ్చు.

మీ ఉత్తరాన్ని మళ్లీ మళ్లీ చదివాను. అన్నగారు ఏమన్నారో రాశారు, చెల్లెలు ఏమన్నదో రాశారు, మేనమామ ఏమన్నారో రాశారు. మీ భార్య ఏమంటున్నారో ఒక్క ముక్క కూడా లేదు. ఉద్యోగం మానుకున్నది ఆమె, దొంగతనం నింద మోస్తున్నది ఆమె, స్నానం చేయించబోయి దెబ్బలు తింటున్నది ఆమె. మన ఇళ్లలో ముసలివారి సేవ ఎవరు చేయాలన్నది ఎవరూ కూర్చుని నిర్ణయించరు. కోడలు ఇంట్లో ఉంటుంది కాబట్టి అది ఆమె పని అయిపోతుంది. ఆమె నడుము, ఆమె నిద్ర, ఆమె మానుకున్న జీతం ఎవరి లెక్కల్లోకీ రావు. ఈ నిర్ణయంలో అందరికంటే ముందు ఆమె మాట వినాలి. వినేటప్పుడు, అమ్మను వదిలించుకోవాలని చూస్తోందన్న అనుమానం మీ మనసులో ఏ మూలనైనా ఉంటే దాన్ని ముందు తీసేయండి. ఆమె వద్దనవచ్చు కూడా. ఇన్నేళ్లు చేసిన సేవ చివరికి అపవాదుగా మిగులుతుందేమోనన్న భయంతో చాలామంది కోడళ్లు చేతకాకపోయినా వద్దంటారు. అందుకే బంధువుల ముందు ఈ నిర్ణయం నాది అని మీరే చెప్పాలి, ఆమె పేరు మీదికి పోనివ్వకూడదు. గాజుల సంగతికి వస్తే, వస్తువు ఎక్కడ పెట్టారో గుర్తులేనప్పుడు ఎవరో తీశారనుకోవడం ఈ వ్యాధిలో చాలా తరచుగా కనిపించే లక్షణం, ఎప్పుడూ దగ్గర ఉండే మనిషే ఆ నిందకు గురవుతారు. ఈ మాట మీ చెల్లెలికీ అన్నగారికీ మీరు స్పష్టంగా రాసి పంపండి. ఫోనులో తల్లి నోటినుంచి విన్నదాన్ని వాళ్లు కొంతైనా నమ్మి ఉండవచ్చు.

మీ చెల్లెలు వంతుల ప్రతిపాదన ప్రేమతోనే చేసి ఉంటారు, మన ఊళ్లలో అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. జ్ఞాపకం సరిగా ఉన్న తల్లికే వంతుల కాపురం కష్టం. డిమెన్షియా ఉన్న తల్లికైతే అది నిజంగా హాని చేస్తుంది. మరుగుదొడ్డి ఎటు ఉందో, మంచం దిగితే కాలు ఎక్కడ ఆనుతుందో అలవాటు వల్ల తెలిసే ఆ కాస్త కూడా ఆరు నెలలకోసారి చెరిపేసి మళ్లీ మొదలుపెట్టమనడమే అది. మార్పు ఒక్కసారే జరగాలి. అక్కడే ఆమె స్థిరపడేలా చూడాలి. మీ చెల్లెలికి బాధ్యత పంచుకోవాలని ఉంటే, కేంద్రంలో చేరిన తొలి నెలలో వచ్చి ఉండి రోజూ తల్లి దగ్గర కొంతసేపు గడపమనండి. ఆ సహాయం వంతులకన్నా ఎన్నో రెట్లు విలువైనది.

మేనమామగారు నేరమన్నది 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టాన్ని దృష్టిలో పెట్టుకుని అయి ఉంటుంది. ఆ చట్టం ప్రకారం, సంరక్షణ బాధ్యత ఉన్నవారు వృద్ధులను పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెడితే మూడు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. తగిన కేంద్రంలో చేర్చి, ఖర్చు భరిస్తూ, వెళ్లి చూసుకుంటూ ఉండటం విడిచిపెట్టడం కిందికి రాదు. పెద్దాయన ఆందోళన పడుతున్నారు కాబట్టి ఈ సంగతి ఆయనకు మర్యాదగా చెప్పండి, వీలైతే కేంద్రాన్ని చూడటానికి మీతో తీసుకెళ్లండి. వృద్ధాశ్రమం అనగానే ఆ తరంవారికి కనిపించేది దాతల దయమీద నడిచే ఒక హాలు, వరసగా మంచాలు. వైద్య సహాయంతో నడిచే సంరక్షణ కేంద్రాన్ని వాళ్లలో చాలామంది చూసి ఉండరు.

ఆ తేడా మీరు కూడా గట్టిగా పట్టించుకోవాలి. మామూలు వృద్ధాశ్రమాలు చాలావరకు తమ పనులు తాము చేసుకోగలిగినవారినే చేర్చుకుంటాయి. జబ్బు సంగతి దాచి అక్కడ చేర్చినవారు కొద్ది వారాల్లోనే తిరిగి తీసుకుపోవలసి వస్తుంది, ఆ మధ్యలో ఆ మనిషి పడే నరకం ఎవరికీ తెలియదు. మీకు కావలసింది డిమెన్షియా సంరక్షణలో శిక్షణ పొందిన సిబ్బంది ఉన్న చోటే. 2023లో వెలువడిన ఒక జాతీయ స్థాయి అధ్యయనం 60 ఏళ్లు దాటిన భారతీయుల్లో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా వేసింది. ఇంత మందికి తగిన కేంద్రాలు దేశంలో లేవు, ఉన్నవి కూడా పెద్ద నగరాల్లోనే ఉన్నాయి. మీరు హైదరాబాద్‌లో ఉండటం వల్ల నాలుగు చోట్ల చూసి పోల్చుకునే వీలుంది. ఒక్కటి చూసి ఆగిపోవద్దు. 1992లో కేరళలో మొదలైన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా అనే స్వచ్ఛంద సంస్థకు హైదరాబాద్‌లో శాఖ ఉంది. అక్కడ ఇదే దారిలో నడిచిన కుటుంబాలతో మాట్లాడవచ్చు. వయోవృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేసినా సమాచారం ఇస్తారు.

చూడటానికి వెళ్లినప్పుడు ఉదయం పదకొండుకు వెళ్లకండి, ఆ వేళకు ఏ కేంద్రమైనా కడిగిన ముత్యంలా ఉంటుంది. సాయంత్రం ఐదు, ఏడు మధ్య వెళ్లండి. చాలామంది రోగుల్లో అలజడి పెరిగేది ఆ వేళకే. అప్పుడు సిబ్బంది గొంతులు ఎలా ఉన్నాయో వినండి. ఇంటికి వెళ్తానని ఏడుస్తున్న ముసలామెతో ఎవరైనా కూర్చుని మాట్లాడుతున్నారా, లేక టీవీ ముందు కుర్చీలో కూలేసి వెళ్లిపోతున్నారా? అమ్మమ్మా, మామ్మా అని పిలుస్తున్నారా, మంచం నంబరుతో పిలుస్తున్నారా? వాళ్లు ఏ భాష మాట్లాడుతున్నారు? ఆయాలు వేరే రాష్ట్రాలనుంచి వచ్చి హిందీ మాత్రమే మాట్లాడేవారైతే, జీవితమంతా తెలుగే మాట్లాడిన మీ అమ్మగారు దాహమేస్తోందని చెప్పుకోవడానికి కూడా దారి ఉండదు. ప్రతి వేళా తెలుగు వచ్చిన మనిషి ఒకరైనా ఉంటారా అని అడిగి, రాత్రి షిఫ్టులో కూడానా అని మళ్లీ అడగండి.

రాత్రి గురించే ఎక్కువ ప్రశ్నలు వేయండి. పది దాటాక ఎంతమంది రోగులకు ఎంతమంది సిబ్బంది మెలకువగా ఉంటారు, లేచి తిరిగే రోగిని ఏం చేస్తారు, కట్టేస్తారా? ఈ చివరి ప్రశ్న మొహమాటపడకుండా ఈ మాటలతోనే అడగండి. మానసిక వ్యాధి ఉన్నవారిని గొలుసులతో బంధించడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పూర్తిగా నిషేధించింది. చీర కొంగుతోనో గుడ్డ పట్టీలతోనో మంచానికి కట్టడం కూడా నాకు ఏమాత్రం సమ్మతం కాదు. పడిపోకుండా అలా చేస్తాం అని తేలిగ్గా చెప్పే చోటునుంచి లేచి వచ్చేయండి. అలాగే నిద్ర పట్టడానికీ అలజడి తగ్గడానికీ ఏ మందులు, ఎవరు రాస్తే ఇస్తారో తెలుసుకోండి. మానసిక రోగాలకు వాడే కొన్ని మందులు డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణాల ముప్పును పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. ఒక్కోసారి అవి తప్పనిసరి కావచ్చు, అయితే తక్కువ మోతాదులో, కొద్దికాలానికి, వైద్యుడు కారణం చెప్పి, మీకు తెలిపి మాత్రమే ఇవ్వాలి.

స్నానం ఎవరు చేయిస్తారో అడగండి. ఆ తరం స్త్రీకి పరాయి మగవాడు బట్ట మీద చేయి వేయడమంటే ఎంత భయమో మీకు నేను చెప్పనక్కరలేదు. జ్ఞాపకం పోయినా సిగ్గు పోదు. ఆడమనుషులే చేయిస్తారన్న హామీ కాగితం మీద ఉండాలి. కొన్ని చోట్ల పేలు పడతాయనో దువ్వడం కష్టమనో చేర్చుకోగానే ఆడవాళ్ల జుట్టు కత్తిరించేస్తారు. చిన్న విషయమని కొట్టిపారేయకండి. అద్దంలో తానే తనకు కొత్తమనిషిలా కనిపించే స్థితిలో, ఏళ్ల తరబడి వేసుకున్న ముడి కూడా లేకపోతే ఆమెకు మిగిలే గుర్తు ఏముంటుంది? కుదరదని మీరు ముందే చెప్పవచ్చు, కావాలంటే వారానికోసారి మీ భార్యో చెల్లెలో వెళ్లి తలంటి దువ్వుతామనవచ్చు. భోజనం వేళ ఒకసారి అక్కడ కూర్చోండి. అన్నం మెత్తగా కలిపి ముద్దముద్దకూ ఆగి పెడుతున్నారా, గబగబా కుక్కుతున్నారా అన్నది పది నిమిషాల్లో తెలుస్తుంది. వ్యాధి ముదిరే కొద్దీ మింగడం కష్టమవుతుంది, అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి వచ్చే నిమోనియా ఈ రోగుల మరణాలకు ఒక ముఖ్య కారణం. కాబట్టి తినిపించే చేతికి ఓపిక ఉందా లేదా అన్నది చాలా ముఖ్యం.

ఒప్పందం చదవకుండా సంతకం పెట్టకండి. నెల రుసుములో డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ, ఆసుపత్రిలో చేర్చితే తోడుండే మనిషి జీతం కలిసి ఉన్నాయా, విడిగా వేస్తారా, ఏడాదికి ఎంత పెంచుతారు, మీరు తీసుకెళ్లిపోతే డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, రోగి మంచం పట్టాక కూడా ఉంచుకుంటారా అన్నవి అందులో ఉండాలి. ఈ ఖర్చు ఆరోగ్య బీమాలో రాదు. 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ పథకాన్ని 70 ఏళ్లు నిండిన అందరికీ, ఆదాయంతో పనిలేకుండా, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వర్తింపజేశారు గాని అది కూడా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకే. మీ అన్నగారు ఎంతైనా పంపుతానన్నారు కాబట్టి, నెలకు ఎంతో, ఎన్నేళ్లపాటో, రుసుము పెరిగితే ఎవరు భరిస్తారో ముగ్గురూ రాసుకోండి. అన్నదమ్ముల మధ్య రాతలేమిటని అనుకోవద్దు. ఇది ఏళ్లు నడిచే ఖర్చు, అమెరికా ఉద్యోగాలు కూడా శాశ్వతం కాదు.

మీ అమ్మగారి పేరు మీద భూమి, డిపాజిట్లు ఏమైనా ఉంటే, ఇప్పుడు ఆమెచేత వేలిముద్రలు వేయించే పని ఎవరూ చేయవద్దు. విషయం అర్థం చేసుకోలేని స్థితిలో తీసుకున్న వేలిముద్ర చట్టం ముందు నిలవదు, రేపు అన్నదమ్ముల మధ్య చిచ్చు పెడుతుంది. తన తరఫున వ్యవహారాలు చూడమని ఎప్పుడో రాసిచ్చిన జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ కూడా రాసినవారు మానసిక సామర్థ్యం కోల్పోయాక మామూలుగా చెల్లదు. తప్పనిసరి అవసరముంటే సంరక్షకుడిగా నియమించమని హైకోర్టును ఆశ్రయించే మార్గం ఉంది, దానికి న్యాయవాదిని కలవండి. నాన్నగారి తరఫు కుటుంబ పింఛను వస్తుంటే బతికే ఉన్నట్టు ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం సంగతి మరచిపోకండి. ముసలివారి వేలిముద్రలు తరచుగా యంత్రంలో సరిగా పడవు కాబట్టి, ముఖాన్ని చూపించి చేసే పద్ధతి కేంద్రంలోనే ఫోనుతో పూర్తి చేయవచ్చు.

అమ్మగారికి ఎలా చెప్పాలన్నది మీరు అడగలేదు గాని, అడిగి ఉండవలసింది. వారాల ముందే చెప్పి ఒప్పించాలని చూడకండి. చెప్పింది గుర్తుండదు, కలిగిన భయం మాత్రం మిగిలిపోతుంది. అలాగని గుడికి తీసుకెళ్తున్నామని చెప్పి అక్కడ దింపి వెనక్కు తిరిగి చూడకుండా వచ్చేయవద్దు. ఉదయం పూట, ఆమె కాస్త నెమ్మదిగా ఉండే వేళ తీసుకెళ్లి, కొన్నాళ్లు నువ్వు ఇక్కడ ఉంటావు, వీళ్లు నిన్ను చూసుకుంటారు, నేను వస్తూ ఉంటాను అని చెప్పండి. ఆ మూడూ నిజాలే. ముందుగా గది సర్ది ఉంచండి. ఆమె దుప్పటి, రోజూ కాఫీ తాగే గ్లాసు, దేవుడి పటం, మీ నాన్నగారు వయసులో ఉన్నప్పటి ఫొటో అక్కడ ఉండాలి. ఈ మధ్య తీసిన కుటుంబ ఫొటోలు ఆమెకు అంతగా పనికిరావు, ఆమె గుర్తుపట్టేది పాత ముఖాలనే.

అన్నిటికంటే ముఖ్యంగా, ఆమె గురించి రెండు పేజీలు తెలుగులో రాసి సిబ్బందికి ఇవ్వండి. ఏ పేరుతో పిలిస్తే పలుకుతారు, పుట్టిల్లు ఏ ఊరు, తోబుట్టువుల పేర్లేమిటి, ఎన్నింటికి కాఫీ, మజ్జిగలో ఉప్పు వేయాలా, దేనికి భయపడతారు, నీళ్లు తలమీద పోస్తే కోపమా, ఏ పాట పాడితే నెమ్మదిస్తారు అన్నవన్నీ అందులో ఉండాలి. గేదె సంగతి పైనే రాయండి. రాత్రి కుడితి పెట్టాలని ఆమె లేచినప్పుడు, గేదె లేదు, ఇల్లు అమ్మేశారు అని చెబితే ఆ దుఃఖం ప్రతిరోజూ ఆమెకు కొత్తగానే తగులుతుంది. మీ గేదె పేరేమిటి, ఎన్ని పాలిచ్చేది, దూడ ఏమైంది అని అడిగితే ఆమె కూర్చుని చెబుతారు. ఇది మీరు ఇవాళే ఇంట్లో చేసి చూడవచ్చు.

తొలి వారాలు కష్టంగా ఉంటాయి. ఆమె మరింత గందరగోళపడవచ్చు, మిమ్మల్ని చూడగానే ఏడవవచ్చు, తిట్టవచ్చు. అది చూసి మూడో రోజునే వెనక్కు తెచ్చేసిన కుటుంబాలు ఉన్నాయి. మళ్లీ చేర్చవలసి వచ్చినప్పుడు రోగికి రెండింతల బాధ. కొన్నాళ్లపాటు ఎవరూ రావద్దు, అలవాటు పడాలి అని చెప్పే కేంద్రాన్ని కూడా నమ్మకండి. రోజు విడిచి రోజు, ఆమె కాస్త ప్రశాంతంగా ఉండే మధ్యాహ్న భోజనం వేళకు వెళ్లి, మీ చేత్తో నాలుగు ముద్దలు పెట్టి, ఆమె నిద్రకు వాలేలోపు బయటికి రండి. బయలుదేరేటప్పుడు పెద్దగా వీడ్కోలు చెప్పనక్కరలేదు. వెళ్లినప్పుడల్లా వీపు, మడమలు, పిరుదుల దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూడండి. నెలకోసారి బరువు తూయించి రాసుకోండి. ఒంటి మీద కమిలిన గుర్తులున్నా, పగలంతా మత్తుగా పడి ఉంటున్నా, ఫలానా మనిషి గదిలోకి రాగానే ముడుచుకుపోతున్నా సర్దుబాటు అనుకుని ఊరుకోకండి, అదే రోజు బాధ్యులను పిలిచి అడగండి. జవాబు సరిగా లేకపోతే కేంద్రాన్ని మార్చండి. ఇంట్లో ఉన్నప్పుడు మీ పని చేయడం, ఇకమీదట మీ పని కనిపెట్టి చూడటం. ఎవరూ వచ్చి అడగని రోగికి ఏ కేంద్రంలోనైనా శ్రద్ధ తగ్గుతుందని ఇన్ని కుటుంబాలతో మాట్లాడాక నేను గట్టిగా నమ్ముతున్నాను. మిమ్మల్ని ఆమె కొడుకుగా గుర్తుపట్టని రోజు కూడా వస్తుంది, తమ్ముడనో తండ్రనో అనుకోవచ్చు. దిద్దకండి. ఏ పేరుతో పిలిచినా వెళ్తూనే ఉండండి.

చివరగా, సంక్రాంతి దాకా ఆగాలా అన్న ప్రశ్న. ఆగవద్దు. వైద్యపరీక్షల్లో వేరే కారణం దొరికి ఆమె నెమ్మదిస్తే అప్పుడు వ్యవధి చూసుకోవచ్చు గాని, అన్నగారి సెలవుల కోసం మాత్రం కాదు. పూర్తిగా చేర్చడానికి మీ మనసు ఒప్పకపోతే, ముందు ఒక నెల తాత్కాలికంగా ఉంచుకుంటారేమో అడగండి, చాలా కేంద్రాలు ఒప్పుకుంటాయి. ఆ నెలలో మీ భార్య నిద్రపోతారు, మీ అమ్మాయి చదువుకుంటుంది, అమ్మగారు అక్కడ ఎలా ఉంటున్నారో మీకే తెలుస్తుంది. అన్నగారికి ఆ కేంద్రంనుంచే వీడియో కాల్ చేసి తల్లిని చూపించండి, నిర్వాహకులతో ఆయన్నే మాట్లాడమనండి. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆయనకు ఇంకా అభ్యంతరం ఉంటే, తల్లితో కొన్ని రాత్రులు ఒంటరిగా గడిపి, ఆ తర్వాత మీతో కూర్చుని మాట్లాడమని అడగండి. ఆ అడిగే హక్కు మీకు ఉంది.